గేదెకు జబ్బు చేస్తే వడ్డీకి పోవాలా?



దర్శి ప్రాంతపు పల్లెల్లో మనలో ఎందరికో పాడిగేదెయే జీవనాధారం. అది ఈనలేక అల్లాడినప్పుడు చేతిలో పైకం ఉండదు. నోరులేని జీవిని దాని కర్మకు వదలటం మనకు తగదు. దప్పిగొన్న కుక్కకు నీరు త్రాపిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడని దైవప్రవక్త (స) తెలిపారు. అయితే వడ్డీకి పరుగెత్తటమూ తగదు. నూటికి నెలకు ఐదు రూపాయల చొప్పున 10,000 తెస్తే, ఏడాదికి వడ్డీయే 6,000. అసలు అలాగే ఉంటుంది. బ్రతికిన గేదెను ఆ అప్పుకే అమ్ముకోవలసి వస్తుంది.

ముందుగా 1962 నంబరుకు ఫోను చేసి ప్రభుత్వ సంచార పశువైద్య వాహనాన్ని పిలుద్దాం. అప్పటికీ ఖర్చు తప్పకపోతే, స్తోమత గలవారు ఖర్జె హసన్ ఇవ్వాలి. అల్ బఖరా సూరా 282వ ఆయతు ఆదేశం మేరకు గడువు వ్రాసుకొని, సాక్షులను ఉంచుకోవాలి. ఇబ్బందిలో ఉన్నవారికి 280వ ఆయతు ప్రకారం వ్యవధి ఇవ్వాలి. పాలడబ్బు అందగానే తీర్చటం అప్పు తీసుకున్నవారి బాధ్యత. చేతనై ఉండి జాప్యం చేయటం అన్యాయమని ప్రవక్త (స) హెచ్చరించారు.

నమాజులో మన భుజానికి భుజం ఆనించి నిలిచిన సోదరుడు వడ్డీ వ్యాపారి గడప త్రొక్కితే, ఆ తప్పులో మనకూ భాగముంటుంది. అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.