కుంటే ఎద్దు, ఊరి బావి

తెల్లవారుజామున కొట్టములో ఎద్దు లేవబోతుంది. ముందు మోకాళ్లపై కొంతసేపు ఆగి, ఒకటి రెండుసార్లు ప్రయత్నించి, చివరకు నిలబడుతుంది. మొదటి అడుగులు కుంటుతూ వేస్తుంది. కొంత దూరము నడిచిన తరువాత కాళ్లు కాస్త సాగుతాయి. వయసు మళ్లిన పశువులో ఇది వింత కాదు. కీలులో ఎముకల కొనలను కప్పి ఉండే మెత్తని మృదులాస్థి ఏండ్ల తరబడి పనిచేసి అరిగిపోతుంది. బరువు లాగే ఎద్దుకైనా, పరుగెత్తే గుర్రమునకైనా ఈ బాధ ఒక్కటే.

కాని మార్కాపురం, గిద్దలూరు, పొదిలి, కనిగిరి ప్రాంతములలో ఒకే ఊరి పశువులు అనేకము నడివయసులోనే ఇట్లు బిగుసుకొనిపోతే వయసును నిందించి లాభము లేదు. అవి తాగే నీటిని అనుమానించవలెను.

ఈ అనుమానమునకు చరిత్ర కలదు. నెల్లూరు జిల్లా రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగిసి నడవలేకపోవడము ముందుగా గమనించారు. తరువాత 1937లో షార్టు మొదలైన వైద్యులు ఆ జిల్లా ప్రజలలో ఎముకలు, వెన్ను బిగుసుకొనిపోయే వ్యాధిని వర్ణించి, దానికి తాగునీటిలోని ఫ్లోరైడు కారణమని తెలిపారు. ఈ వ్యాధియే ఫ్లోరోసిస్. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, తరువాత ప్రకాశం జిల్లా అయినది. అంతవరకు కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు నెల్లూరు జిల్లాలోను, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను ఉండేవి.

శిల నుండి ఎముకకు

ఫ్లోరైడు నీటిలోకి ఎట్లు వస్తుంది? గ్రానైటు వంటి శిలలలో ఫ్లోరైడు గల ఖనిజములు కొన్ని ఉంటాయి. వాన తక్కువైన చోట నీరు శిలల పగుళ్లలో చాలా కాలము నిలిచి, వాటిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. ఇట్టి నీటికి రంగు మారదు, వాసన ఉండదు. నాలుకకు పట్టుబడదు.

కడుపులోకి పోయిన ఫ్లోరైడులో కొంత మూత్రముతో వెలుపలికి పోతుంది. శరీరములో నిలిచినదంతా దాదాపుగా ఎముకలలో, దంతములలో చేరుతుంది. ఎముకలోని కాల్షియం ఫాస్ఫేటు స్ఫటికములలో హైడ్రాక్సిల్ ఉండవలసిన చోటును ఫ్లోరైడు ఆక్రమిస్తుంది. ఎముక దట్టమవుతుంది గాని పెళుసవుతుంది. పైన బుడిపెలు లేస్తాయి. కీళ్లను పట్టి ఉంచే బంధనములు కూడ గట్టిపడతాయి. కీలు కదలకపోవడము ఇందువల్లనే.

మనిషికంటె ముందుగా ఎద్దు ఎందుకు కుంటుతుంది? చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న బావి ఒకటి ఉన్నదనుకొందాము. 400 కిలోల ఎద్దు వేసవిలో రోజుకు 50 లీటర్లు తాగితే 200 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది. అనగా కిలో బరువుకు అర మిల్లీగ్రాము. 60 కిలోల మనిషి 3 లీటర్లు తాగితే 12 మిల్లీగ్రాములు, అనగా కిలోకు 0.2 మాత్రమే. మనుష్యుల తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతించవచ్చుననియు భారతీయ ప్రమాణము.

గుర్తించడము, కాపాడడము

పశువు నోరు తెరచి చూస్తే కొంత తెలుస్తుంది. దూడ వయసు నుండి ఈ నీరే తాగిన పశువు పండ్లపై సుద్దవంటి మచ్చలు, గోధుమరంగు చారలు ఉంటాయి. పండ్లు త్వరగా అరిగిపోతాయి. పండ్లు ఏర్పడే కాలములోనే ఫ్లోరైడు వాటిని చెరుపుతుంది గనుక, పెద్దయిన తరువాత కొని తెచ్చిన ఎద్దు పండ్లు శుభ్రముగానే ఉండవచ్చును. అంతమాత్రాన దాని ఎముకలు బాగున్నవని చెప్పరాదు.

ముదిరిన వ్యాధిని పూర్తిగా నయము చేసే మందు లేదు. అయినను పశువును నిలబెట్టవచ్చును. మొదటి చికిత్స నీరు మార్చడమే. వాన నీటిలో ఫ్లోరైడు అత్యల్పము. చెరువు నీటిలో సాధారణముగా లోతైన బోరు నీటిలోకంటె తక్కువ. నీటిని కాచినందువలన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. నీరు మారిన తరువాత ఎముకలోని ఫ్లోరైడు ఏండ్లమీద మెల్లగా తగ్గుతుంది.

రెండవది, పని తగ్గించవలెను గాని కదలిక మాన్పించరాదు. మృదులాస్థిలో రక్తనాళములు లేవు. నడిచినప్పుడు స్పాంజివలె నొక్కుకొని, విడిచి, కీలులోని ద్రవము నుండి అది ఆహారము పీల్చుకుంటుంది. కాబట్టి బరువు బండి కట్టక, మెత్తని నేలపై ఉదయము, సాయంత్రము మెల్లగా నడిపించవలెను. రాతి బండలపై గడ్డి పరిచి పడుకోనివ్వవలెను. పెరిగిన గిట్టలను చెక్కించవలెను. ఖనిజ మిశ్రమము పెట్టేటప్పుడు అందులోని ఫాస్ఫేటు ఫ్లోరైడు తొలగించినదై ఉండవలెను.

కీళ్లపై వాతలు పెట్టడము వలన పశువుకు బాధయే గాని లోపలి ఎముక మారదు. నొప్పి మందు పశువైద్యుడే నిర్ణయించవలెను. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరములు తిని రాబందులు చనిపోవడము వలన పశువైద్యములో ఆ మందును 2006లో ప్రభుత్వము నిషేధించినది.

ఎద్దు తాగే నీటినే ఇంట్లో పిల్లలు కూడ తాగుతున్నారా? గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలలో ఆ నీటిని పరీక్షింపజేయవచ్చును. నెల్లూరు సీమలో ఒకప్పుడు మనుష్యులకంటె ముందు ఎద్దులే ఈ హెచ్చరిక చేసినవి. కొట్టములో ఎద్దు కుంటితే దాని కాళ్లతోపాటు పిల్లల పలువరుసను కూడ చూడడము మంచిది.