హాట్ నాడ్యూల్‌కూ అల్ట్రాసౌండ్ తప్పదు

నాగోల్, ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల్లో హెల్త్ చెకప్ చేయించుకునేవాళ్లకు థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ పరిచయమైన పేరే. అది బాగా తక్కువగా వచ్చి, గొంతు ముందు గడ్డ కూడా చేతికి తగిలితే అసలు సంగతి తేల్చుకోవాల్సిందే. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ముందు డాక్టరుకు చెప్పాలి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో ఆ మాత్ర వల్ల టీఎస్‌హెచ్ లేనిపోని తగ్గుదల చూపిస్తుంది. కనీసం రెండు రోజులు మానేసి మళ్లీ రక్తం ఇవ్వాలి.

టీఎస్‌హెచ్ అనేది పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆజ్ఞ. హార్మోన్ సరిపడా ఉంటే ఆజ్ఞ తగ్గుతుంది. కొన్ని గడ్డలు ఆ ఆజ్ఞతో నిమిత్తం లేకుండా హార్మోన్ తయారుచేస్తూనే ఉంటాయి. చాలావాటిలో టీఎస్‌హెచ్‌ను అందుకునే గ్రాహకం జన్యుమార్పు వల్ల ఎప్పుడూ తెరుచుకునే ఉంటుందని 1993లో తెలిసింది. అయోడిన్ లోపించిన చోట ఇలాంటి గడ్డలు ఎక్కువ.

టీఎస్‌హెచ్ తక్కువగా ఉంటే తర్వాతి మెట్టు థైరాయిడ్ స్కాన్. పంజాగుట్ట నిమ్స్ లాంటి ఆసుపత్రుల న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో చేతి నరంలోకి కొద్దిగా టెక్నీషియం ఎక్కించి, సుమారు 20 నిమిషాలయ్యాక గామా కెమెరాతో చిత్రం తీస్తారు. మామూలు థైరాయిడ్ రెండువైపులా సమానంగా కనిపిస్తుంది. అతిగా పనిచేసే గడ్డ ఉంటే అక్కడొక చిక్కటి నల్లమచ్చ, మిగతా గ్రంథి కనిపించీ కనిపించనట్టు. అదే హాట్ నాడ్యూల్.

అలాంటి గడ్డలో క్యాన్సర్ అరుదు. సూది పరీక్ష అక్కర్లేదని 2015లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ సూచించింది కూడా. అయితే ఆపరేషన్ చేసి తీసిన ఒంటరి హాట్ నాడ్యూళ్లలో 100కు సుమారు 3 క్యాన్సర్‌వని 2013 నాటి ఒక సమీక్ష లెక్కగట్టింది. అనుమానంతో ఏరి కోసినవి అందులో ఉంటాయి కనుక అందరికీ ఈ లెక్క వర్తించదు. పిల్లల్లో మాత్రం మరింత జాగ్రత్త కావాలి.

గడ్డ ఎంత పనిచేస్తోందో స్కాన్ చెబుతుంది. దాని రూపురేఖలు అల్ట్రాసౌండ్‌లోనే తెలుస్తాయి. చుట్టూ ఉన్న గ్రంథికన్నా నల్లగా ఉండటం, అంచులు గరుకుగా ఉండటం, వెడల్పుకన్నా ఎత్తు ఎక్కువ కావడం, లోపల సన్నటి తెల్లని చుక్కలు, మెడలో వాచిన లింఫ్ గ్రంథులు అనుమానించదగ్గ గుర్తులు. ఇవి కనిపిస్తే, గడ్డ హాటైనా సరే, సన్న సూదితో కణాలు తీసి చూడాలి. ఆ ఫలితాన్ని బెథెస్డా పద్ధతిలో ఆరు తరగతులుగా చెబుతారు. ఫాలిక్యులర్ రకం అయితే సూది కూడా తేల్చలేదు. కణాలు గడ్డ పొరను చీల్చుకుని వెళ్లాయో లేదో ఆపరేషన్ చేసి తీసిన ముక్కలోనే కనిపిస్తుంది.

హాట్ నాడ్యూల్‌కు రేడియో అయోడిన్ మంచి చికిత్స. కానీ అందులో గడ్డను కోసి తీయరు కనుక, పరీక్షకు పంపడానికి ముక్క చేతికి రాదు. అందుకే ఆ మందు మింగే ముందే డాక్టరును అడగండి: అల్ట్రాసౌండ్‌లో ఈ గడ్డ ఎలా ఉంది?