జియు-జిత్సు నేర్చుకోవాలంటే: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ లాంటి నగరాల్లో ఇప్పుడు బ్రెజిలియన్ జియు-జిత్సు తరగతులు నడుస్తున్నాయి. పిల్లల్ని చేర్పిద్దామా అని ఆలోచించే తల్లిదండ్రులకూ, ఆఫీసు కుర్చీలో నడుం పట్టేసి తామే చేరదామనుకునే పెద్దలకూ వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. చాలామంది ఈ విద్యను మొదట చూసేది ఇనుప కంచె మధ్య జరిగే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల్లో. అక్కడి పిడిగుద్దులూ, నెత్తురూ చూసి జియు-జిత్సు అంటే అదేననుకుంటారు.

‘పిల్లలకు కొట్టుకోవడం నేర్పుతారు’

జియు-జిత్సు పోటీలో గుద్దినా, తన్నినా ఆటలోంచి పంపేస్తారు. ఇది పూర్తిగా పట్ల విద్య. ఎదుటివారిని కింద పడేయడం, కదలనీయకుండా అదిమిపట్టడం, మీదికొచ్చినవారి కింద నుంచి బయటపడటం, చివరికి కీలు మీదో మెడ మీదో పట్టు బిగించి ఓటమి ఒప్పించడం.

ఎనిమిదేళ్ల అమ్మాయి ‘ఆర్మ్‌బార్’ వేస్తున్నప్పుడు దగ్గరగా చూడండి. వెల్లకిలా పడుకుని, తోటి పిల్లవాడి చేతిని రెండు తొడల మధ్య బిగిస్తుంది. వాడి మణికట్టును గుండెకు హత్తుకుని, బొటనవేలు పైకి ఉండేలా తిప్పి, నడుమును మెల్లగా లేపుతుంది. మోచెయ్యి నిటారై, ఇక సాగదన్న చోటికి వస్తుంది. వాడు ఖాళీగా ఉన్న రెండో చేత్తో ఆ అమ్మాయి కాలిని టపటపా తడతాడు. ఆ క్షణమే ఆమె పట్టు వదిలేయాలి. దీన్నే ‘ట్యాప్’ అంటారు. చేతులు రెండూ ఇరుక్కుపోతే నోటితో చెప్పినా చాలు. తర్వాత ఇద్దరూ చేతులు కలిపి మళ్లీ మొదలుపెడతారు.

ఎదుటివాడి చెయ్యి పూర్తిగా తన అధీనంలో ఉన్నప్పుడు వదిలేయడం ఒకరికి అలవాటవుతుంది. దెబ్బ తగలకముందే ఆపమని అడగడం రెండోవారికి అలవాటవుతుంది. నా దృష్టిలో పిల్లలకు ఈ విద్య ఇచ్చేవాటిలో ఇంతకంటే విలువైనది లేదు.

‘ట్యాప్ చేస్తే పరువు పోయినట్టే’

ఇది పెద్దల అపోహ. పిల్లలు ఒకటి రెండు తరగతుల్లోనే ట్యాప్‌కు అలవాటు పడతారు. తనకంటే సన్నగా ఉన్న కుర్రాడికో, ఓ అమ్మాయికో లొంగడం నామోషీ అనుకునే మగవాళ్లే పళ్లు బిగించి ఓర్చుకుంటారు. కీలు మాత్రం పంతం చూడదు. రెండు సెకన్ల మొండితనానికి నెలల తరబడి మోచెయ్యి నొప్పి మిగులుతుంది. సాధనలో ట్యాప్ చేసినంత మాత్రాన ఎవరూ ఓడిపోరు. బ్లాక్ బెల్టులు కూడా సాధనలో ట్యాప్ చేస్తారు.

‘వెల్లకిలా పడితే ఆట ముగిసినట్టే’

మన కుస్తీ చూస్తూ పెరిగినవారికి ఇలా అనిపించడం సహజం. కుస్తీలో భుజాలు రెండూ నేలకానితే ఓటమే. జియు-జిత్సు మాత్రం చాలావరకు అక్కడే మొదలవుతుంది. కింద ఉన్నవాడు కాళ్లతో పైవాడి నడుమును చుట్టేసి, దుస్తుల అంచులు పట్టుకుని వాడి బరువును అదుపు చేస్తాడు. ఈ స్థితి పేరు ‘గార్డ్’. అక్కడి నుంచి పైవాణ్ని దొర్లించి మీదికొస్తే 2 పాయింట్లు. పైవాడు ఆ కాళ్లను దాటి పక్కకు చేరి అదిమిపడితే 3. ఛాతీ మీదికెక్కి కూర్చుంటే 4.

ఈ ఆలోచనకు జపాన్ మూలం ఉంది. జిగోరో కానో 1882లో స్థాపించిన కొడోకాన్‌లో జూడో నేర్చిన మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరాడు. బెలేం నగరంలో ఆయన దగ్గర నేర్చుకున్న కార్లోస్ గ్రేసీ తన తమ్ముళ్లకు నేర్పాడు. వారిలో బక్కపలచని హీలియో బలం తక్కువైనవాడికి కూడా పనికొచ్చేలా నేల మీది పట్లను మలిచాడు.

‘ఎంత చిన్నవాడైనా ఎంత పెద్దవాణ్నైనా ఓడించేస్తాడు’

ఈ నమ్మకం 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీతో బలపడింది. హీలియో కొడుకు రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గుర్ని లొంగదీశాడు. మరుసటి ఏడాది తనకంటే ముప్పై కిలోలకు పైగా బరువున్న డాన్ సెవెర్న్ కింద పావుగంట నలిగి, చివరికి కాళ్లతో మెడ బిగించి గెలిచాడు. అయితే ఆనాటి ప్రత్యర్థుల్లో ఎక్కువమందికి ఈ పట్లే తెలియవు. తెలిసినవాడు ఎదురైతే ఏమవుతుందో 1951లోనే రియోలోని మరకానా స్టేడియంలో తేలింది. తనకంటే బరువైన జపాన్ జూడో వీరుడు కిమురా హీలియో చెయ్యి మెలిపెడితే, కార్లోస్ పోటీ ఆపించాల్సి వచ్చింది. ఆ పట్టును ఈనాటికీ ‘కిమురా’ అనే పిలుస్తారు. నైపుణ్యం సమానమైతే బరువున్నవాడిదే పైచేయి. పోటీల్లో బరువు విభాగాలు పెట్టింది అందుకే.

వీధి గొడవ సంగతి వేరు. ఎదుటివాడి చేతిలో కత్తి ఉన్నా, వాళ్లు నలుగురైనా నేల మీద పట్లు పడుతూ కూర్చోకూడదు. వీలు చూసుకుని పరుగెత్తడమే ఆత్మరక్షణ.

‘నలభై దాటాక మనవల్ల కాదు’

అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిత్సు ఫెడరేషన్ పోటీల్లో ‘మాస్టర్స్’ విభాగాలు 30 ఏళ్లకు మొదలై 60 దాటినవారి వరకూ ఉన్నాయి. ప్రసిద్ధ వంటగాడు, రచయిత ఆంథనీ బోర్డేన్ యాభైల చివర్లో మొదలుపెట్టి, 2016లో న్యూయార్క్ పోటీలో బ్లూ బెల్టుగా తన వయసు విభాగంలో గెలిచారు. ముందే ఒళ్లు సాగేలా తయారై రావాల్సిన పని లేదు, అది తరగతిలోనే వస్తుంది. మోకాలు, వెన్నెముక సమస్యలున్నవారు మాత్రం డాక్టరును అడిగాకే చేరాలి.

‘రెండేళ్లలో బ్లాక్ బెల్టు’

ఫెడరేషన్ నియమాల ప్రకారం 19 ఏళ్లు నిండకుండా బ్లాక్ బెల్టు రాదు, 16 నిండకుండా బ్లూ బెల్టు కూడా రాదు. పిల్లలకు తెలుపు తర్వాత బూడిద, పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగులుంటాయి. తెలుపు నుంచి బ్లాక్ బెల్టు చేరడానికి పెద్దలకు సాధారణంగా పదేళ్లు పడుతుంది. పదేళ్ల పిల్లవాడికి జియు-జిత్సు బ్లాక్ బెల్టు ఇస్తామన్నచోట అడుగు పెట్టకండి.

‘గుద్దులు లేవు కాబట్టి ప్రమాదమే లేదు’

భయపడేవాళ్లెంత పొరబడుతున్నారో, ఇలా ధీమాగా ఉండేవాళ్లూ అంతే పొరబడుతున్నారు. మోకాలు, మోచెయ్యి, భుజం బెణకడం మామూలే. ఒంటికి ఒళ్లు రాసుకునే ఆట కాబట్టి తామర లాంటి చర్మవ్యాధులు తేలిగ్గా అంటుకుంటాయి. మ్యాట్లు రోజూ శుభ్రం చేయాలి, వేసుకున్న దుస్తులు ప్రతిసారీ ఉతకాలి, గోళ్లు కత్తిరించుకోవాలి. ఇక మెడ మీద బిగించే పట్టును ‘చోక్’ అంటారు. చోక్ అంటే ఊపిరి ఆపడమని చాలామంది అనుకుంటారు. సరిగా పడిన చోక్ మెడకు రెండువైపులా మెదడుకు వెళ్లే రక్తనాళాలను నొక్కుతుంది, పది సెకన్లలోపే స్పృహ తప్పొచ్చు. అందుకే ఫోన్లో వీడియో చూసి ఇంట్లో అన్నదమ్ముల మీద ప్రయోగించకూడదని పిల్లలకు గట్టిగా చెప్పాలి. పిల్లల పోటీల్లో మడమ మెలిపెట్టే పట్లను నిషేధించారు.

ఫీజు కట్టకముందు ఓ తరగతి మొత్తం పక్కన కూర్చుని చూడండి. ట్యాప్ చేసిన వెంటనే పట్టు వదులుతున్నారా, కొత్తవారి మీద పాతవారు బలం చూపిస్తుంటే కోచ్ ఆపుతున్నారా, పిల్లల్ని వయసూ బరువూ చూసి జత కలుపుతున్నారా గమనించండి. చూడనివ్వని చోట మీ పిల్లల్ని చేర్చకండి, మీరూ చేరకండి.