లోపం ముఖంలో కాదు, వెలుతురులో



"నేను ఫొటోల్లో బాగా పడనండీ!" ఈ మాట అనని ఆడవాళ్ళు మనలో ఎంతమంది వుంటారు? అద్దంలో చూసుకుంటే బాగానే వుంటాం. ఫొటో చూసేసరికి మాత్రం నుదురు నూనె రాసినట్టు మెరుస్తూ, కళ్ళ కింద నల్లగా, ముక్కు చెంపల్లో కలిసిపోయినట్టు కనిపిస్తుంది. దాంతో కెమెరా అంటేనే పక్కకి తప్పుకుంటాం. ఇలా తప్పుకు తిరిగిన మనిషికి చివరికి సరైన ఫొటో ఒక్కటీ మిగలదు. ఇంటి పెద్దావిడ పోయాక దండ వెయ్యడానికి పటం కావలసివస్తే, ఏ పెళ్ళి గుంపులోంచో ఆమె ముఖం ఒక్కటీ తీసి పెద్దది చేయించే ఇళ్ళు ఎన్ని లేవు! అందుకని ఈ సంగతి కాస్త తెలుసుకోవడం మంచిది. చాలాసార్లు లోపం ముఖంలో వుండదు. ఆ ముఖం మీద వెలుతురు ఎటునించి పడింది, ఎలా పడింది అన్నదాంట్లో వుంటుంది.

ముందు నీడల సంగతి చూద్దాం. మంచి ఎండలో బట్టలారేస్తే దండెం నీడ నేలమీద గీత గీసినట్టు పడుతుంది. మబ్బుపట్టిన రోజున అదే దండేనికి నీడే సరిగా కనబడదు. సూర్యుడు మారలేదు. కాని మబ్బుంటే ఆకాశమంతా ఒక పెద్ద దీపమైపోతుంది. వెలుతురు అన్ని వైపులనించీ వచ్చి నీడల అంచుల్ని చెరిపేస్తుంది. దీపం చిన్నదైతే నీడ కరుకుగా పడుతుంది. దీపం పెద్దదై, దగ్గరగా వుంటే నీడ మెత్తగా పడుతుంది. కెమెరా మీది ఫ్లాషు అగ్గిపెట్టెంత వుంటుంది. సెల్‌ఫోను ఫ్లాషు మినపగింజంత. మన ఇంటి కిటికీ మూడు నాలుగడుగులు! ఏది మేలో వేరే చెప్పాలా?

హాలెండు దేశపు చిత్రకారుడు వెర్మియర్ 17వ శతాబ్దంలోనే ఈ కిటికీ వెలుతుర్ని నమ్ముకున్నాడు. పాలు వొంపుతున్న పనిమనిషినీ, ఉత్తరం చదువుకుంటున్న యువతినీ కిటికీ పక్కనే నిలబెట్టి చిత్రించాడు. మనకీ అదే దారి. ఎండ నేరుగా పడని కిటికీ ఎంచుకోండి. పొద్దున్నయితే పడమటి కిటికీ, సాయంత్రమైతే తూర్పు కిటికీ. ఉత్తరపు కిటికీ అయితే ఏడాదిలో చాలా నెలలు రోజంతా పనికొస్తుంది. ఎండ పడే కిటికీయే గతి అంటారా? పల్చటి తెల్ల పంచె ఒకటి అడ్డంగా కట్టండి. ఎండ కాస్తా మబ్బు వెలుతురైపోతుంది.

మనిషిని కిటికీకి రెండు మూడడుగుల దూరంలో కూర్చోబెట్టండి. వీపు కిటికీవైపు వుండకూడదు, ముఖం నల్లబడిపోతుంది. ఒక భుజం కిటికీవైపు పెట్టి, ముఖం కాస్త అటు తిప్పమనండి. అప్పుడు ముక్కు తీరూ, చెంపల గుండ్రదనమూ తెలుస్తాయి. కిటికీకి దూరంగా వున్న చెంప మరీ చీకటిగా వుంటే, ఆ పక్కన తెల్ల దుప్పటో, థర్మోకోల్ అట్టో ఎవరిచేతనన్నా పట్టించండి. దానిమీద పడ్డ వెలుతురు తిరిగి ఆ చెంపమీదికి వస్తుంది. గదిలో లైట్లు మాత్రం ఆర్పెయ్యండి. పగటి వెలుతురుది ఒక రంగు, బల్బుది ఒక రంగు. రెండూ కలిస్తే ముఖం సగం నీలంగా, సగం పచ్చగా వస్తుంది. తీసేముందు కళ్ళలోకి చూడండి. కిటికీ నీడ తెల్లటి చుక్కలా మెరుస్తోందా? అయితే ఆ ముఖంలో ప్రాణం వున్నట్టే.

ఇహ ఛాయ మాట. కెమెరాకి నలుపూ తెలుపూ తెలియవు. దృశ్యం మొత్తంమీద వెలుతురు సగటున మధ్యస్థంగా వుండేట్టు సర్దుతుంది. వెనక తెల్ల గోడ వుంటే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది. దాంతో చామనఛాయ మనిషి మరీ నల్లగా వస్తుంది. ఆ తప్పు ఆ మనిషిది కాదు కదా! ఫోనులో అయితే తెరమీద ముఖం వున్నచోట వేలుతో తాకండి, లెక్క ముఖాన్నిబట్టి సరిచూసుకుంటుంది. మన ఛాయల్ని పట్టించుకోకపోవడం ఇవాళ్టిది కాదు. రంగుల ప్రింట్లు సరిచూసుకోవడానికి అమెరికాలోని కొడాక్ కంపెనీ లాబులకిచ్చిన నమూనా కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే వుండేది. వాటిని షిర్లీ కార్డులనేవారు. వేర్వేరు ఛాయల స్త్రీలు కలిసి ఆ కార్డు మీదికి వచ్చింది 1990లలోనే.

మరి సీమంతాలూ, పుట్టినరోజులూ రాత్రిపూట జరిగితే? ఫ్లాషు తప్పదు. కాని దాన్ని సూటిగా ముఖం మీదికి కొట్టించకండి. సూటి ఫ్లాషు ముఖాన్ని చదును చేస్తుంది, చెమటని మెరిపిస్తుంది, వెనక గోడమీద నల్లటి నీడ వేస్తుంది. చీకట్లో విచ్చుకున్న కంటిపాపలోకి నేరుగా పోయి, కంటి వెనక రక్తనాళాల ఎరుపుని వెనక్కి తెస్తుంది. ఫొటోల్లో కళ్ళు ఎర్రగా రావడానికి కారణం అదే.

కెమెరా పైన విడిగా పెట్టే ఫ్లాషుకి తల తిరుగుతుంది. ఆ తలని ఇంటి కప్పువైపు తిప్పండి. కారమ్స్ బోర్డులో స్ట్రైకరు అంచుకి ఏ వాలున తగిలితే అదే వాలున అటు తిరిగి వస్తుంది కదా, వెలుతురూ అంతే. కప్పుమీద మంచమంత మేర తెల్లగా వెలిగి, అదే పెద్ద దీపమవుతుంది. మనిషికి సరిగ్గా నడినెత్తిన పడితే మాత్రం కళ్ళు గుంటల్లా వస్తాయి. అందుకని మనిషికి కాస్త ముందున్న కప్పుమీద పడేట్టు వంచాలి. పక్కనున్న తెల్ల గోడకేసి తిప్పితే ఇంకా మంచిది, కిటికీ పక్కన కూర్చున్నట్టే వస్తుంది. గోడ తెల్లగా వుండాలి సుమా! ఆకుపచ్చ గోడకి కొడితే ముఖమూ పచ్చబడుతుంది.

ఇందులో ఒక ఖర్చు వుంది. దూరం రెండింతలైతే వెలుతురు నాలుగోవంతుకి పడిపోతుంది. 10 అడుగుల ఎత్తు కప్పున్న గదిలో, కెమెరా, ముఖం రెండూ 4 అడుగుల ఎత్తులో, ఒకదానికొకటి 6 అడుగుల దూరంలో వున్నాయనుకోండి. వెలుతురు కప్పుకి తగిలి దిగేసరికి 13 అడుగుల పైన ప్రయాణం చేస్తుంది. ముఖానికి అందేది అయిదోవంతే. అందులోనూ కప్పు కొంత మింగేస్తుంది. ఆటోమేటిక్ ఫ్లాషయితే తనే సర్దుకుంటుంది. లేకపోతే ఐ.ఎస్.ఓ. పెంచుకోవాలి. కల్యాణమండపాల్లో కప్పు మరీ ఎత్తు కాబట్టి అక్కడ ఈ ఉపాయం పారదు. పెంకుటింట్లోనూ అంతే.

ఫోను ఫ్లాషుకి తల తిరగదు. దాన్ని ఆపేసి, టేబుల్ లైటుని తెల్ల గోడకేసి తిప్పండి. ఆ గోడ పక్కన మనిషిని కూర్చోబెట్టి, ఫోను కదలకుండా పట్టుకుని తియ్యండి.

వచ్చే ఆదివారం పొద్దున్న పని తెమిలాక అమ్మనో, అత్తగారినో కిటికీ దగ్గర ఓ పావుగంట కూర్చోబెట్టండి. "నా మొహానికి ఫొటో ఎందుకే" అంటారు. అననివ్వండి. కబుర్లు చెబుతూ పదో పదిహేనో తియ్యండి. తరవాత ఫోను ఆవిడ చేతికిచ్చి మీరు కూర్చోండి. మన పిల్లలకీ మన ఫొటో కావాలి కదా!