పాత చట్రం - కొత్త ఇంజను

నంద్యాల నుండి మహానందికి పోయే దారిలో, అరటి తోటల నడుమ, ఒక చిన్న రేకుల షెడ్డు ఉన్నది. గత వేసవిలో మేము అక్కడ ఒక మధ్యాహ్నమంతా గడిపాము. సాహిత్యం బోధించే వారికి జీపుల షెడ్డులో పనేమిటని మా సహాధ్యాపకులు నవ్వారు. కారణం మా పూర్వ విద్యార్థి ఒకడు. అతని ఇంటి పాత పెట్రోలు జీపుకు ఎక్కడో డీజిలు ఇంజను అమర్చి ఇచ్చారు. శివరాత్రి యాత్రికులతో మహానందికి వస్తుండగా ఇంజను పీఠం విరిగి, ఫ్యాను రేడియేటరును చీల్చినది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు గాని, మరిగిన నీరు చిమ్మి అతని కుడి చేయి కాలింది.

ఇంజనులో దోషం లేదు. దానిని మోయవలసిన చట్రాన్ని ఎవరూ సిద్ధపరచలేదు. పాత జీపు పెట్రోలు ఇంజనులో సంపీడన నిష్పత్తి సుమారు 7. డీజిలు ఇంజనులో అది 20 దాటవచ్చు. ఆ ఒత్తిడిని తట్టుకొనుటకు డీజిలు ఇంజను దిమ్మను మందంగా పోత పోస్తారు. బరువు ఎక్కువ, అదురు ఇంకా ఎక్కువ. పాత పీఠాలు అందుకు ఉద్దేశించినవి కావు.

అదే ఇంజనును తిరిగి బిగించే ముందు చట్రాన్ని పరీక్షింపజేయాలని అతడు ఈ షెడ్డుకు తెచ్చాడు. ఇక్కడి మిస్త్రీని అందరూ ఉస్తాద్ అంటారు. ఉర్దూలో ఆ మాట గురువుకూ చెల్లుతుంది గనుక, మాదీ ఆయనదీ ఒకే వృత్తి అనుకొని సంతోషించాము. ఆయన ఇంజను వైపు చూడనే లేదు. చట్రాన్ని పూర్తిగా విప్పించి, ఇనుప బ్రష్షుతో తుప్పు గీకించి, దిమ్మెల మీద సమంగా నిలిపారు. నాలుగు మూలల నుండి తూకపు గుండు వదలి, అది తాకిన చోట నేలపై సుద్దతో గుర్తు పెట్టి, ఎదురెదురు మూలల మధ్య కర్ణాలు కొలిచారు. రెండూ సమానమైతే చట్రం పక్కకు ఒరగలేదన్నమాట. మెలి ఉన్నదో లేదో తెలియుటకు అడ్డకమ్మీల మీద రసమట్టం పెట్టి చూడాలి.

పగుళ్ళు కంటికి ఆనవు. కిరసనాయిలు పూసి, కొంతసేపు ఆగి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి అద్దితే పగులులో దాగిన నూనె ఊరి తడిగీతగా బయటపడుతుంది. కమాను పట్టీలు తగిలే చోట, పాత పీఠాల కింద ఈ పరీక్ష తప్పనిసరి.

ఆ తరువాత లోపలి భాగాలు తీసిన ఖాళీ దిమ్మను గేరుబాక్సుతో సహా చట్రంలో దించి చూస్తారు. ఇరుసు ఎగిరినప్పుడు నూనె తొట్టికి తగులుతుందా, ఫ్యానుకు ఎడమున్నదా అన్నవి అప్పుడే తేలాలి. ప్రొపెల్లర్ షాఫ్టు రెండు చివరల కోణాలు సమానం కాకుంటే వేగంతోపాటు అదురు పెరుగుతుంది. పీఠాల కోసం కమ్మీ పై అంచుకు, కింది అంచుకు రంధ్రాలు వేయరాదు. బరువు వలన కలిగే లాగుడూ నొక్కుడూ అధికంగా భరించేవి ఆ అంచులే. నిలువు పలక నడుమ వేయవచ్చు. వెల్డింగును ముందు చుక్కలుగా పెట్టి, అటొకటి ఇటొకటిగా పూర్తిచేయాలి. ఒకే వైపు వేడి సోకితే తిన్నని కమ్మీ కూడా వంగుతుంది.

పందెపు కార్లకు ఈ జాగ్రత్త మరింత అవసరం. కోయంబత్తూరు తెలుగు కుటుంబంలో పుట్టి 1995లో మరణించిన ఎస్. కరివర్ధన్, మారుతి 800 కారులోని 796 సి.సి. ఇంజనుతో ఒంటి సీటు పందెపు కార్లు రూపొందించారు. నరేన్ కార్తికేయన్ తొలి పందేలు ఆ తరహా కారులోనే. ఇటువంటి కార్ల చట్రం సాధారణంగా ఉక్కు గొట్టాల అల్లిక. ఇంజను భారం గొట్టం నడుమ కాక, గొట్టాలు కలిసే ముడుల వద్ద పడాలి. పాతదానిలో పగుళ్ళు మొదట వెదకవలసినదీ ఆ ముడుల వద్దనే.

చట్టమొకటి ఉన్నదని కూడా మన విద్యార్థులు ఎరుగవలెను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇటువంటి మార్పుకు రిజిస్ట్రేషను అధికారి అనుమతి కావాలి.

ఉస్తాద్ కొలతలో కర్ణాల మధ్య ముప్పాతిక అంగుళం తేడా వచ్చినది. మరొకసారి కొలిచారు, అంతే వచ్చినది. "సార్, మీ పిల్లవానికి మీరే చెప్పండి. ఇంజను ఇప్పుడు వద్దు" అన్నారు. చట్రం లారీపై కర్నూలుకు పోయినది. ఇంజను గోనె కప్పుకొని ఇంకా ఆ షెడ్డు మూలనే ఉన్నది.