ఇరుసుకు తాళం

ఎద్దులబండికి డిఫరెన్షియల్ అనే యంత్రంతో పనిలేదు. దాని ఇరుసు తిరగదు; చక్రాలే దాని మీద దేనికది తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడిచినా ఇబ్బంది లేదు. ఇరుసును ఇంజను తిప్పడం మొదలయ్యాకే చిక్కు వచ్చింది. చక్రాల మధ్య ఎడం మీటరున్నర అనుకుంటే, వాహనం ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి బయటి చక్రం లోపలిదానికన్నా సుమారు 9.4 మీటర్లు ఎక్కువ నడవాలి. చుట్టు చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. రెండింటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒకటి నేలను గీరుకుంటూ పోవాల్సిందే.

ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెక్కర్ ఆవిరిబండి కోసం 1828లో పేటెంటు పొందిన పళ్లచక్రాల అమరిక ఈ చిక్కు విప్పింది. అదే డిఫరెన్షియల్. ఒక చక్రం ఎంత నెమ్మదిస్తే రెండోది అంత వేగం పుంజుకుంటుంది. తిప్పే బలం మాత్రం రెండు వైపులకూ సమానంగానే అందుతుంది.

తారురోడ్డు మీద మేలు చేసే ఆ సమానత్వమే అనంతపురం నేలల్లో బండిని నిలబెట్టేస్తుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే కరువు సీమలో బురద ఎక్కడిదనుకోవద్దు. తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడి ఒక్క వానకే జిగురై టైరు గాళ్లను పూడ్చేస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఒడ్డున గాలికి కదిలే ఇసుకమేటలున్నాయి. ఎడమ చక్రం 20 కిలోల తోపుకే బురదలో జారిపోతోందనుకుందాం. కుడి చక్రం గట్టినేల మీదున్నా దానికీ అందేది 20 కిలోలే. ఫోర్‌వీల్ డ్రైవ్ అయినా ముందొకటి, వెనకొకటి చక్రం జారితే ఆగిపోవచ్చు.

ట్రాక్టరు డ్రైవర్లకు దీనికి రెండు ఉపాయాలు తెలుసు. జారే చక్రం వైపు బ్రేకు కాస్త తొక్కితే, ఆ అడ్డును దాటేందుకు పెరిగిన బలం రెండో చక్రానికీ అందుతుంది. నేటి కార్లలో ఎలక్ట్రానిక్ ట్రాక్షన్ కంట్రోల్ చేసేదీ ఇదే. రెండోది మడమ దగ్గరి పెడల్, అంటే డిఫరెన్షియల్ లాక్. అది పడగానే రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. గట్టినేల మీది చక్రం 300 కిలోల తోపును నిలబెట్టుకోగలిగితే అంతా దానికి అందుతుంది. ఈ రెండు ఉపాయాలనూ ఒకేసారి వాడకూడదు.

కార్లలో ఈ తాళం రకరకాలుగా ఉంటుంది. ఫోర్స్ గూర్ఖాలో డ్రైవరే వేయాలి. మహీంద్రా థార్‌లో కొన్ని రకాలకు వచ్చే మెకానికల్ లాక్‌కు స్విచ్ లేదు. తక్కువ వేగంలో వెనక చక్రాల మధ్య నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా రాగానే దానంతటదే పడుతుంది.

చేత్తో వేసే లాక్‌ను దిగబడ్డాక కాదు, గడ్డుచోటు రాకముందే వేయాలి. బండి ఆగి ఉన్నప్పుడో, చక్రాలు జారకుండా మెల్లగా కదులుతున్నప్పుడో వేయాలి. చక్రం గిరగిర తిరుగుతుండగా వేస్తే పళ్లు విరగొచ్చు. బలమంతా ఒకే యాక్సిల్ షాఫ్టు మీద పడే అవకాశం ఉంది కాబట్టి యాక్సిలరేటర్‌ను అదమకూడదు. లాక్ పడ్డాక బండి తిన్నగా పోవాలని చూస్తుంది, స్టీరింగ్ మాట తేలిగ్గా వినదు. పక్కవాలు మీద మరీ ప్రమాదం: లాక్ లేనప్పుడు ఒక చక్రం జారినా రెండోది నేలను పట్టుకుని వెనకభాగాన్ని ఆపుతుంది, లాక్ ఉంటే రెండూ కలిసి జారి బండి పల్లానికి కొట్టుకుపోతుంది. గట్టిరోడ్డు ఎక్కేముందే తీసేయాలి. తీశాక కూడా డాష్‌బోర్డు మీది లాక్ దీపం ఆరకపోతే పళ్లు బిగుసుకున్నట్టే. స్టీరింగ్ తిన్నగా ఉంచి కొద్దిగా ముందుకూ వెనక్కూ కదిపితే వదులుతుంది.

లాక్ కొత్తగా పట్టు పుట్టించదు, నేలలో ఉన్న పట్టును వాడుకోనిస్తుంది. చాసిస్ మట్టిగడ్డ మీద కూర్చుంటే పార పట్టాల్సిందే. వంక పొంగి పారుతుంటే మాత్రం ఏ లాక్‌నూ నమ్మకుండా, నీళ్లు తగ్గేదాకా ఇవతలి గట్టునే ఆగాలి.