నేత్రపటలం ఊడితే

కంటిగుడ్డు లోపల వెనుకభాగాన పలుచని పొర ఒకటి అంటుకొని ఉంటుంది. దానిని నేత్రపటలం లేక రెటీనా అంటారు. మనం చూసే వస్తువుల ప్రతిబింబాలు దానిమీదనే పడతాయి. దానికి వెనుకనున్న రక్తపటలంనుండి ప్రాణవాయువు అందుతుంది. అక్కడినుండి ఊడితే ఆ పొర చూపునివ్వలేదు.

కారణాలనుబట్టి ఇది మూడు రకాలు. ఎక్కువమందికి వచ్చేది చిరుగువల్ల. కంటిగుడ్డును నింపే జిగురువంటి కాచావత్ ద్రవం వయస్సు పెరిగేకొద్దీ కుంచించుకొని పొరనుండి విడివడుతుంది. గట్టిగా అతుక్కొన్న చోట పొర చిరగవచ్చు. గోడకంటించిన కాగితం వెనుకకు వాననీరు దిగినట్లు ద్రవం చిరుగులోనుండి దిగి, పొర ఉబ్బి ఊడివస్తుంది. హ్రస్వదృష్టి ఎక్కువగా ఉన్నవారి కంటిగుడ్డు పొడవుగా ఉండి పొర సాగి ఉంటుంది కనుక, వారికి చిన్నవయస్సులోనే ఈ ముప్పు కలుగవచ్చు. బిళ్ళంగోడు ఆటలో బిళ్ళ కంటికి తగిలినా అంతే.

మధుమేహం ముదిరినవారిలో కంటిలో మచ్చవంటి కణజాలం పెరిగి పొరను లాగివేయడం రెండవ రకం. చిరుగు లేకుండానే వాపువంటి కారణాలచేత పొర వెనుక ద్రవం ఊరడం మూడవది.

పొర ఊడినప్పుడు సాధారణంగా నొప్పి ఉండదు. అందుకే చాలామంది ఆలస్యం చేస్తారు. కంటిలో మెరుపులు, హఠాత్తుగా నల్లచుక్కలు, ఒక ప్రక్కనుండి తెర దించినట్లు నీడ కనిపిస్తే ఆనాడే కంటివైద్యుని వద్దకు వెళ్ళాలి.

ఒకప్పుడు దీనికి సరైన చికిత్స లేదు. చిరుగును మూస్తే పొర తిరిగి అతుక్కుంటుందని 1920 దశకంలో స్విట్జర్లాండు వైద్యుడు జూల్ గొనాన్ నిరూపించాడు. నేడు చిరుగు మాత్రమే ఉంటే లేసర్ కిరణాలతో దాని చుట్టూ అతుకు వేస్తారు. ఊడితే శస్త్రచికిత్స చేస్తారు. నడిమిభాగం ఊడకముందే చేస్తే చూపు చాలావరకు నిలుస్తుంది.